వరసలో చివరి డబ్బా

మార్చి వచ్చిందంటే మా మిజో కొండకు గొంతెండిపోతుంది.
ఊట దగ్గర, రాతి పగుల్లోంచి
చీపురుపుల్లంత ధార.
ఒక డబ్బా నిండేలోపు
ఒక ప్రార్థన పూర్తవుతుంది,
పాదిరిగారు చేసే పెద్ద ప్రార్థన.

రాత్రే డబ్బాలు వరస కడతాయి.
పసుపువి, నీలంవి, నూనె వాసన ఇంకా పోనివి.
మనుషులు పడుకుంటారు,
వాళ్ల తరఫున డబ్బాలు మేలుకుంటాయి.
ఎవరి డబ్బానూ ఎవరూ జరపరు.
అది ఊరి మర్యాద.

నేను జరిపేవాణ్ణి.
నాదే. వెనక్కి.

మూడింటికి లేచి, టార్చి వెయ్యకుండా
మెట్లు దిగి
నా డబ్బాను ముందు నుంచి తీసి
చిట్టచివర పెట్టి వచ్చేవాణ్ణి.
బాలింత వాన్‌ఖుమీకి ఒక చోటు కలిసొచ్చేది,
కుంటి పంతులికి ఒక చోటు.
తెల్లారి పొయ్యి దగ్గర లెక్క వేసుకునేవాణ్ణి:
ఇవాళ నాకంటే ముందు పదకొండుమంది.
లెక్క పెరిగినకొద్దీ
టీలో చక్కెర ఎక్కువైనట్టుండేది.

నన్ను ఉపా అంటారు, సంఘపెద్దని.
మొదటి బెంచీ నాది.
ఒక ఆదివారం చివరి బెంచీలో కూర్చున్నాను,
అందరూ తిరిగి చూసేటట్టుగా.

ఆ బుధవారం వరసలో నా డబ్బా లేదు.
ఇంటికొస్తే గడప ముందుంది,
నిండుగా,
మూత పోయిన చోట అరటాకు కట్టి.
గురువారమూ అంతే. శుక్రవారమూ.

సంతోషం కలగాలి కదా.
కోపమొచ్చింది.
నా చివరి చోటు ఎవరో కాజేశారు.

శనివారం రాత్రి
బెంగుళూరు వంకాయ పందిరి కింద కాపు కాశాను.
రెండు దాటాక పొగమంచులో ఒక ఆకారం.
వీపున వెదురుబుట్ట, నుదుటికి పట్టీ.
మా దగ్గర నీళ్లు మోసేది మెడతో,
తల వంచకపోతే బరువు లేవదు.
అతని చూపు తన కాలివేళ్ల మీదే ఉంది.

హ్రాంగ్‌చువానా.
బియ్యం సారా కాచేవాడు.
నాలుగేళ్ల కింద సంఘం పట్టీలో
అతని పేరు కొట్టేసిన గీత నా కలానిది.
స్కేలు పెట్టి గీశాను, వంకర పోకుండా.

"ఎందుకిది?" అన్నాను.
విచారణ సంఘంలో అడిగే గొంతుతోనే అన్నాను.

బుట్ట దించకుండానే చెప్పాడు:
"మీ మోకాలు, ఉపా.
మెట్ల మీద టకటకమంటోంది.
మా గుడిసె దారి పక్కనేగా,
రెండేళ్లనించీ వింటున్నా."

రెండేళ్లు.
చీకట్లో నాకొక సాక్షి ఉన్నాడు.
ఊరికి చెప్పలేదు. పొగడలేదు. నవ్వలేదు.
మోకాలి చప్పుడొక్కటే విన్నాడు.

"వద్దు, నువ్వు నాకు మొయ్యడమేమిటి" అంటుండగానే
నా మాట నాకే పాతగా వినిపించింది.
ఒకనాటి రాత్రి భోజనం వేళ
ఒక జాలరి ఇలాగే కాళ్లు వెనక్కి లాక్కున్నాడు,
గురువు నడుముకు తువాలు చుట్టుకుని
నేలమీద ఉంటే.
ఆ పాఠం ఎన్నిసార్లు బోధించానో.
ప్రతిసారీ నీళ్లపళ్లెం పట్టుకున్నవైపే నిలబడ్డాను.
కాళ్లు చాపినవైపు
ఒక్కనాడూ కూర్చుని చూడలేదు.

"లోపలికి రా" అన్నాను.
"బట్టలు సారా కంపు" అన్నాడు.
అయితే నేనే బయట కూర్చున్నాను, మెట్టు మీద,
అతని కంటే ఒక మెట్టు కింద.
వెంటనే గమనించుకున్నాను, కింద కూర్చున్నానని.
చూశారా, ఈ రోగం ఇలా ఉంటుంది.
లేచి పక్కకు జరిగాను.
అతను గ్లాసులో నీళ్లు వంచి ఇచ్చాడు.
చల్లగా ఉన్నాయి, కాస్త అరటాకు వగరు.
తాగాను.

పట్టీలో గీత సిరాది, చెరగదు.
పక్కన మళ్లీ పేరు రాయొచ్చు, అతనొప్పుకుంటే.
ఇంకా అడగలేదు.
ఎలా అడగాలో తెలియడం లేదు,
ఇచ్చేవాడిలా కాకుండా.

ఇప్పుడు పడుకునేముందు
ఖాళీ డబ్బా గడప బయట పెడుతున్నాను.
నా డెబ్బై ఏళ్లలో ఇంత బరువైన డబ్బా మొయ్యలేదు.
కొన్ని రాత్రులు ఉండబట్టలేక
లేచి లోపలికి తెచ్చుకుంటాను.
చీకట్లో నా భార్య పక్కకు తిరిగి అంటుంది,
"ఉండనీ.
ఇవాళైనా బయటే ఉండనీ దాన్ని."