ఆరో మంచం

దేవరకొండ రోడ్డు పక్కనే హోమ్.
ఫారంలో నలభై రెండు గడులు.

దుప్పట్లు శుభ్రం; కానీ ఇంకా తడి,
నేనొస్తున్నానని నిన్న రాత్రి ఉతికినట్టు.
బీపీ రిజిస్టర్లో మూడు నెలలూ
ఒకే పెన్ను, ఒకే చేయి,
అందరికీ నూట ముప్పై.
టిక్కు పెట్టి, ఆగి, కొట్టేశాను.

ఆరో మంచం ఈదమ్మ.
మర్రిగూడ బోరు నీళ్లు తాగిన మెడ, తిరగదు.
ఎటు పడుకోబెడితే అటే లోకం.
ఇవాళ గోడ.

"తిండెట్లుంది అవ్వా?"
"మంచిగనే పెడ్తున్రు బిడ్డా," గోడతో అంది.
మేనేజర్ చెప్పులు నా వెనకే ఉన్నాయి.
వాటర్ ప్లాంటు బిల్లులు తెమ్మని పంపాను.

అప్పుడు, మెల్లగా:
"జంగమ్మొచ్చిన దినం మంచిగుంటది.
మంచం కిటికి దిక్కు జరుపుతది.
చెంబు చేతికందెటట్టు పెడ్తది."

సిబ్బంది జాబితాలో జంగమ్మ లేదు.
అంట్లు తోమే మనిషట,
వారానికి మూడు రోజులు.

ఏ గడిలో రాయాలో తెలియక
ఫారం దిండు మీద పెట్టి మంచం పట్టుకున్నాను.
ఒక చక్రం తుప్పు పట్టి కదల్లేదు.
"ఇంకింత," అంది అవ్వ. "ఇంకింత జరుపు.
ఆఁ, మాల్ బస్సు వోతున్నది."