జీడి మరక

శుక్రవారం పొద్దున్న
పలకలు గదిలోనే పడుకుంటాయి.
పదకొండుమంది పిల్లలు, ఒక తాడు,
తాడుకి పదకొండు ముడులు.
ముడికొకరు పట్టుకుని
కంబాలకొండ గేటు దాటుతాం.

"ఇయ్యాల పాఠం ఏటి, టీచరమ్మా?"
వాచర్ సింహాద్రప్పడు ప్రతివారం అడుగుతాడు.
నాకేం తెలుసు.
లోపలికెళ్తే గాని.

ఆషాఢంలో మొదలెట్టాం.
తొలిరోజు తాడు వదల్లేదు ఎవ్వరూ.
మట్టి ముట్టుకుంటే అమ్మ తిడుతుందని
చేతులు వెనక్కి కట్టుకున్నాడు జోయెల్.
రాతి మీద కూర్చోమంటే
రుహీనా ముందు రుమాలు పరిచింది.
తొమ్మిదో అంతస్తు నుంచి వచ్చే తనుశ్రీ
ఆకుల సందున నేల మీద పడ్డ ఎండ మచ్చల్ని
తొక్కకుండా గెంతుతూ నడిచింది.

అప్పుడు
ఎర్ర మఖమల్ ముక్కలాంటి ఆరుద్ర పురుగొకటి
తడి నేల మీద
ఎవరి అనుమతీ అడక్కుండా బయల్దేరింది.
పదకొండు ముడులూ
ఒక్కసారే ఖాళీ.

ఆ తర్వాత నేను చేసింది తక్కువ.
తుఫానుకి కూలిన మాను ఓడైంది.
ఆకు టికెట్టు, గులకరాళ్ళు చిల్లర.
"మూడిచ్చాను, రెండు పోతే ఒకటి నాకు రావాలి కదా!"
ఓడెక్కే చోట జుట్లు పట్టుకుని
తీసివేతలు నేర్చేసుకున్నారు.

రోకలిబండకి కాళ్ళెన్నో లెక్కపెట్టబోతే
అది చుట్టలు చుట్టేసుకుంది.
"సున్నా" అన్నాడు జోయెల్.
నేను దిద్దలేదు.

దూలగొండి తగిలి రుహీనా ఒళ్ళంతా గీరుకుని ఏడ్చినరోజు
ఇక చాలనుకున్నాను.
సింహాద్రప్పడు ఎక్కణ్ణించో పేడ తెచ్చి
దాని చేతులకి మెత్తాడు.
కాసేపటికి ఆ పేడచేతులతోనే
చీమలకి వంతెన కడుతోంది.

పైడమ్మ మాట్లాడదు.
రిజిస్టర్లో తన పేరు పక్కన ఎవరో ఏదో రాశారు.
చదివి మూసేశాను.
ఒకనాడు హార్బర్లో ఎక్కడో ఓడ కూసింది.
కొండ ఆ కూతని తిప్పి పంపింది.
పైడమ్మ తలెత్తి
"ఊఁ" అంది,
అడిగినదానికి బదులు చెప్పినట్టు.
ఎవరం చప్పట్లు కొట్టలేదు.
పొదలోంచి కుందేలు తల బయటపెట్టినప్పుడు ఎలా ఉంటామో
అలా
ఉండిపోయాం.

ఫాల్గుణం దాటేసరికి
జీడిమామిడి చెట్ల కింద రాలిన పళ్ళు.
గడ్డాల మీదుగా, మోచేతుల మీదుగా రసం.
ఆ రాత్రి ఫోనుకి మెసేజ్, తనుశ్రీ వాళ్ళమ్మ.
"మేడమ్, యూనిఫాం మీద మరక వదలట్లేదు.
సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు, అన్నీ అయ్యాయి."

ఏమని రాయను?
మా అమ్మమ్మ గోస్తనీ రేవులో బట్టలుతికేది.
ఊరి మూటలు కలిసిపోకుండా
అంచు మూల నల్లజీడితో చుక్క పెట్టేది.
బట్ట చిరిగినా చుక్క చెరగదు.
ఎక్కడ తప్పిపోయినా
ఏ ఇంటిదో ఆ ఇంటికి చేరేది.

చాలాసేపు టైప్ చేసి,
చెరిపి,
మళ్ళీ చేసి,
చివరికి
"పోదండీ" అని మాత్రం పంపాను.