సద్దు

తలుపేస్తే చాలు, అద్దం గొణుగుతుంది.
నలభై దాటితే తిడుతుంది.
మొగిలి కనుమ మలుపుల్లో
గిలక్కాయల గంప ఒళ్లో పెట్టుకుని
పక్క సీట్లో ఎవరో కూర్చున్నట్టే.

రెండే సీట్ల ఎర్ర బండి. పాతది.
పేరు పలక ఎప్పుడో ఊడి
రెండు బెజ్జాలు మిగిలాయి.
పశువుల డాక్టరమ్మకు ఇదేం బండని
ఊరూరా నవ్వారు.
ఇంత కిందికి కూర్చుంటే
ఆవు కంట్లోకి సూటిగా చూడొచ్చని చెప్పేదాన్ని.
అబద్ధం.
నాకు ఎరుపంటే ఇష్టం, అంతే.

వానొస్తే టీకాల పెట్టె మీదికే కారేది.
జూన్‌లో బెంగుళూరు కాయల ట్రాక్టర్లు
గుజ్జు ఫ్యాక్టరీ ముందు బారులు తీరితే
ఆ పులిసిన తీపి, ఆ ఈగలు,
మూసిన అద్దాన్ని అడక్కుండానే లోపలికొచ్చేవి.

మురకంబట్టు దాటినాక
చెంగల్రాయులన్న షెడ్డు.
ముప్పై ఏండ్లు బస్సు బాడీలకు రివిట్లు కొట్టి
రెండు చెవులూ ఆ రేకులకే ఇచ్చేసిన మనిషి.
సద్దు చేస్తా ఉందన్నా, అని అరిచాను.
నా పెదాలు చూసి తలూపాడు.
"నువ్వు తోలు మా."
పక్కన కూర్చుని
అద్దం మీద అరచెయ్యి ఆనించాడు,
ఈనబోయే ఆవు డొక్క మీద
నేను ఆనించినట్టు.
రైలు గేటు దగ్గర కండ్లు మూసుకున్నాడు.
"ఎనక మూల ఒకటి. కింద బోల్టు ఒకటి.
నడమ ఇంకేందో ఉండాది, ఇప్పి చూడల్ల."

తలుపు అట్ట ఊడదీస్తే
లోపల నా ముందువాళ్లంతా ఉన్నారు.
నాలుగు మడతల సిగరెట్టు పెట్టె,
సైకిలు ట్యూబు ముక్క, హవాయి చెప్పు మడమ,
ఒక పెళ్లిపత్రిక మూల,
"బంధుమిత్ర సపరి" అన్నంత వరకే.
ఒక్కొక్కరూ ఒక్కో వారం
ఆ సద్దును నిద్రపుచ్చి పోయారు.
నేను దోపిన అగ్గిపుల్ల కూడా ఉంది.
దాన్ని పైకెత్తి నా వైపు చూశాడు.
"తప్పేం లేదులే మా.
ఆ పొద్దుకు ఇల్లు చేరల్ల గదా."

గాడిలో చివికిన ఊలు గుడ్డ గీకి తీశాడు.
కిరసనాయిలు, తర్వాత పొడి గుడ్డ, తర్వాత ఎండ.
కొత్త గుడ్డ అంటించి, కప్పీకి గ్రీసు పూసి,
అద్దానికీ రబ్బరుకూ నడమ
పది రూపాయల నోటు పెట్టి తలుపేశాడు.
"లాగు."
ఊరికే వచ్చేసింది.
బోల్టు అర చుట్టు. "లాగు."
వచ్చింది, కాస్త బెట్టు చేసి.
పావు చుట్టు.
ఈసారి నోటు చిరిగేట్టుంటే వదిలేశాను.
ఇంకొంచెం బిగించన్నా, అన్నాను చేత్తో.
"బిర్రుగా బిగిస్తే
సద్దూ ఉండదు, అద్దమూ ఉండదు."

పలమనేరు రోడ్డులో డెబ్బై.
గుంతలు. స్పీడు బ్రేకరు. మళ్లీ గుంతలు.
"సద్దు పోయిందా?"
తలూపాను.
"నాకు ఎప్పుడో పోయింది," అని
ఒళ్లంతా ఊగేట్టు నవ్వాడు.
నవ్వాలో వద్దో తెలీక నేను గేరు మార్చాను.
దిగేటప్పుడు, చిల్లర లెక్కపెట్టుకుంటూ,
నా పక్క తలుపును గడ్డంతో చూపించాడు.
"అదీ మొదులుపెట్టింది.
ఇప్పుడిప్పుడే."

నాకేం వినబడలేదు.

ఆ సాయంత్రం బంగారుపాళ్యం అవతల వాన.
ఎడమ అద్దం మీద నీళ్లు
బయటే జారి, బయటే పోయాయి.
టీకాల పెట్టె పొడిగా ఉంది.
ఇంజను తప్ప ఇంకో మాట లేదు.
ఒంటిచేత్తో స్టీరింగు పట్టుకుని
కుడి అరచెయ్యి నా పక్క అద్దానికి ఆనించాను.

చల్లగా ఉంది. కాసేపు ఏమీ లేదు.
తర్వాత, ఎక్కడో కింద,
దూడ కాలు మడుచుకున్నంత మెల్లగా,
ఉంది.