బెండు లోపల

మేరీల్యాండ్‌లో పరీక్షశాల వాళ్ళు
మా బెండును నీలి నురగ ముళ్ళ గదిలో నిలబెట్టారు.
గోడల నిండా ముళ్ళు, పైకప్పు నిండా ముళ్ళు.
అందులో మాట పుట్టినచోటే ఇంకిపోతుందట.
మూడు రోజులు గిర్రున తిప్పి
ఎటు అరుస్తోందో, ఎంత దూరం అరుస్తోందో
ముప్ఫై ఒక్క పేజీల్లో రాసి పంపారు.
చివర ఒక ప్రశ్న:
వీటిలో ఏవి దాచమంటారు? ఎంతకాలం?

నేను వెర్నా పింకమ్. స్టోనింగ్టన్ రేవులో
మంచుకొట్టు పైన మాకు రెండు గదులు.
కింద ఎర గబ్బు, పైన సీసం కరిగే వాసన.
లెక్కలు నావి. తీగలు మా తమ్ముడు మెర్ల్‌వి.
బోను ఎక్కడ మునిగిందో
పడవకు చెప్పే రేడియో మా బెండులో ఉంటుంది.
అల నెత్తిమీదుగా పోయినా దాని గొంతు పూడదు.
ఆ ఆంటెన్నాను వాడు ఆరు చలికాలాలు
వంచాడు, విరిచాడు, మళ్ళీ వంచాడు.
వంపు ఎన్ని డిగ్రీలో నాకు తెలుసు.
ఇక్కడ రాయను.

ఉత్తరం నమూనా వాళ్ళే ఇచ్చారు.
సర్క్యూట్ పటం, శాశ్వతంగా.
పనిచేసే తీరు, శాశ్వతంగా.
లోపలి ఫోటోలు, నూట ఎనభై రోజులు.
కారణం కూడా అచ్చు వేసే ఉంది:
బయటపడితే పోటీదారులకు అనుచిత లాభం.
పోటీదారులంటే నాకు తెలిసింది ఒక్క మొహమే.
పోర్ట్‌లాండ్ సంతలో మా బల్ల దగ్గర రెండుసార్లు ఆగి
బెండును అరచేతిలో తూచి
కొనకుండా వెళ్ళినాయన.
బూట్లకు ఉప్పు మరక లేదు.

ఫోటోలూ శాశ్వతంగా దాచండి అని ఫోన్ చేశాను.
ఒడెట్టా గ్రీర్ అనే ఆవిడ, ఓపిక గల గొంతు:
"నాలుగు మరలు తిప్పితే కనిపించేదాన్ని
గుట్టు అనరండీ.
లోపల రెసిన్ పోసి బిగించేస్తే,
పగలగొడితే తప్ప తెరవలేకపోతే,
అప్పుడు అడగొచ్చు."

మెర్ల్ ఒకదానికి పోశాడు కూడా.
తారులా నల్లగా గడ్డకట్టింది.
"చెడిపోతే?" అన్నాను.
"పారెయ్యడమే" అన్నాడు, గోళ్ళ కింది నలుపు గీక్కుంటూ.

అప్పుడు నాన్న గట్టు గుర్తొచ్చింది.
ఐల్ ఓ హో దాటాక నీటి కింద ఎక్కడో రాతిగట్టు.
అక్టోబరులో అందరి పడవలూ ఉత్తచేతులతో తిరిగొస్తే
మా డెక్కు మీద కాలు పెట్టే చోటుండేది కాదు.
ఎవరైనా వెంటబడితే ఇంజను ఆపేసి
పొగాకు నలుపుతూ కూర్చునేవాడు,
వాళ్ళు విసిగి మళ్ళిపోయేదాకా.
అమ్మకు చెప్పలేదు. మెర్ల్‌కు చెప్పలేదు.
చివరి ఫిబ్రవరి, నోట్లో గొట్టం.
నా అరచేతిలో వేలితో రెండు అంకెలు గీశాడు.
మొదటిది నాలుగు.
రెండోది తొమ్మిదో, ఏడో, వణుకో.
ఆ గట్టు మీద లాబ్‌స్టర్లు ఇప్పటికీ
నిశ్చింతగా ముసలివవుతుంటాయి.

పటానికి శాశ్వతంగా అనే టిక్కు పెట్టాను.
ఆరు చలికాలాలు ఊరికే రాలేదు.
ఫోటోలకు నూట ఎనభై రోజులు చాలు.
రెసిన్ వద్దు, మరలు నాలుగూ ఉండనీ.
పొగమంచులో బెండు మూగబోతే
ఏ కుర్రాడో విప్పి, తుడిచి, ఊది చూసుకోనీ.
సూటాయనా చూస్తాడు. చూడనీ.
ఆరు నెలలంటే ఒక వేసవి మాది.

సంతకం చేశాక మెర్ల్‌ను కూర్చోబెట్టి
డిగ్రీలు కాగితం మీద రాయించాను.
మడిచి ఎక్కడ పెట్టానో
వాడి కూతురు జోలీన్‌కు చూపించాను.
పదకొండేళ్ళది, ముందు పళ్ళ మధ్య సందు.
"ఎవరికీ చెప్పకూడదా?" అంది.
"ఒక్కరికి చెప్పాలి."
"ఎప్పుడు?"

నమూనా తిరగేసి చూశాను.
దానికి గడి లేదు.