పదిహేను రూపాయల నలుపు

చూలైలో మా కొట్టు వెడల్పు ఆరడుగులు.
గాజులు, రబ్బరుబ్యాండ్లు, సాంబ్రాణి కడ్డీలు దాటాక
మూడో అర మొత్తం నలుపే.
నలుపు నారాయణ మెచ్చు అన్నారు గానీ
ఎంతలో నలుపో చెప్పలేదు.
అది చెప్పడం నా వంతు.

అడగను. చేతులు చూస్తాను.
గుప్పిట్లో చిల్లర చెమటకి తడిసి ఉంటే
పొడి ప్యాకెట్టు తెంపి ఇస్తాను, పదిహేను.
స్టీలు గిన్నెలో కలపకమ్మా, ప్లాస్టిక్ డబ్బా మూత చాలు.
ఫోను చూపించి కట్టే చేతులకి
క్రీము పెట్టె, రెండు ట్యూబులు, పల్చటి గ్లవ్సు, నూట ఎనభై.
అమోనియా లేనిది ఆరువందల ముప్ఫై.
అది పై అరలో ఉంటుంది,
శుక్రవారం శుక్రవారం దాని దుమ్ము తుడుస్తాను.

భువనేశ్వరి టీచరు ఒక్కరే దాన్ని దించమంటారు.
పెట్టె వెనక చదివి, అద్దాలు తీసి మళ్ళీ చదివి,
గోరింటాకు పొడి తీసుకుంటారు.
"నీలి ఆకు పొడి కూడా పట్టించండి టీచర్,
లేకపోతే తల నిప్పుకణికలా ఉంటుంది."
"రెండు పూతలా? అంతసేపు ఎవరు కూర్చుంటారే?"
"రిటైరయ్యారుగా" అన్నాను.
అనకుండా ఉండాల్సింది.
చిల్లర లెక్క పెట్టుకోకుండా వెళ్ళిపోయారు.

చెంగల్రాయుడు మామది ఇంకో కథ.
ఏటీఎం కాపలాకి యాభై దాటినవాళ్ళు వద్దట.
కార్డులో యాభై ఎనిమిది,
మీసంలో నలభై ఐదు కావాలి, రేపు పొద్దున్నకి.
చెవి వెనక చుక్క పెట్టి ఒక రోజు ఆగాలి మామా,
దురద పుడితే వాడకూడదు అన్నాను.
"ఒక రోజు నీ కొట్లో దొరుకుతుందా, ఎంత?" అన్నాడు.
వారం తర్వాత వచ్చాడు.
ఉద్యోగం దొరికింది. పెదవి బన్ను ముక్కలా ఉబ్బింది.
మళ్ళీ ప్యాకెట్టు అడిగితే ఇవ్వలేదు.
మీసానికి కాటుక అమ్మాను, ముప్ఫై రూపాయలు.
వాన రోజున మాత్రం గొడుగు మర్చిపోకు మామా.

అసలు ఈ వీధి బోరు నీళ్ళే ఉప్పు.
ఎంత పెట్టి కొన్నా మూడు వారాలకి
నలుపు ఇటుక రంగుకి దిగుతుంది.
లారీ నీళ్ళతో కడుక్కోండి అంటే నవ్వుతారు.
బిందె నీళ్ళు తలకా, అన్నానికా?

మునెమ్మ నెలకోసారి వస్తుంది.
కీల్పాకంలో మూడిళ్ళ వంట.
ఒక్క ప్యాకెట్టు, అదీ మెడ మీదికి, వెనక్కి మాత్రమే రాస్తుంది.
ముందంతా ముగ్గుపిండి, వెనకంతా కాకి.
అందరూ పాపిట దగ్గర దిద్దుకుంటారు కదక్కా,
నీకేమిటీ తిరకాసు అన్నాను ఒకనాడు.
"పొయ్యికేసి తిరిగి ఉంటానే పొద్దంతా,
వాళ్ళకి కనిపించేది నా వీపే.
ముందు వైపు చూసేది సాంబారొక్కటే."
మరి కాస్త ఆగి, కొట్లో ఎవరూ లేరని చూసుకుని,
"తెల్ల వెంట్రుక దొరికిందనుకో, నాదే.
నల్లది దొరికితే
ఇంట్లో నలుగురున్నారు, ఎవరిదైనా కావచ్చు."

ముందున్న తెలుపు రాలదా అని అడగబోయాను.
చీర కొంగు తీసి చూపించింది,
వంటకి ముందు నుదుటి మీదికి ఎలా బిగిస్తుందో.
వెనక్కి కూడా కొంగు చాలదు.
చాలని చోట పదిహేను రూపాయలు.

రాత్రి షట్టరు దించాక
గడువు దాటినవీ, మూల చిరిగి కారినవీ
ఏరి పక్కన పెట్టుకుంటాను. కొనేవాళ్ళకి అవి ఇవ్వను.
అన్నీ కలిపి నాకే.
చెవి పక్కన పదిహేను, నడినెత్తిన నూట ఎనభై,
ఎలుక కొరికిన పై అర పెట్టె పుణ్యమా అని
జడ చివర ఆరువందల ముప్ఫై.
మధ్యాహ్నం ఎండలో నా వెనక నిలబడితే
కొట్టు స్టాకంతా లెక్క పెట్టుకోవచ్చు.