వారం విడిచి వారం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు
కట్టినదాన్ని విప్పి చూడమనలేదు,
రెండోసారి పెళ్ళాడి చూడమనీ అనలేదు.
నలభై ఆరో ఏట
ఆ రెండూ ఒకే చలికాలంలో నెత్తికెత్తుకున్నాను.

తార్తులో వీధులకు కూరగాయల పేర్లు పెట్టిన పేట మాది.
బంగాళాదుంప వీధి దాటితే బఠాణీ వీధి.
దాని కొసన, ఏటివైపు కాస్త ఒరిగి
నూటపదేళ్ళ చెక్క ఇల్లు.
నేలమీద గోళీ వదిలితే
దానంతటదే ఏటివైపు మూలకు దొర్లిపోయి ఆగుతుంది.
మా వాడు ఉకూకి అది నచ్చింది, కొనేద్దామన్నాడు.
కొనేశాం.

ముందు మధ్యగోడ తీసేద్దామంది పిరెట్.
అది ఇంటితో పుట్టిన గోడ కాదు.
యుద్ధమయ్యాక
ఒక ఇంట్లో మూడు కుటుంబాలను సర్దడానికి
పైవాళ్ళు పలకలు కొట్టించిన గోడ.
ఒక పొయ్యి, మూడు గిన్నెలు,
ఎవరి ఉప్పు వాళ్ళు దాచుకున్న రోజులు.
కిటికీని కూడా నిలువునా పంచిందది,
ఒక రెక్క వీళ్ళకి, ఒక రెక్క వాళ్ళకి.

వాల్‌పేపరు ఏడు పొరలు ఊడింది.
పూలు, చారలు, మళ్ళీ పూలు,
అడుగున ఏనాటివో పత్రికలు:
పాల దిగుబడి అంకెలు,
మూడెత్తుల్లో ఆటకట్టించమన్న చదరంగం చిక్కు,
ఎవరో పెన్సిలుతో ఒక్క ఎత్తు రాసి వదిలేసింది.
పలకల నడుమ పోసిన రంపపుపొట్టు
కుంగి కుంగి మోకాలెత్తుకు దిగింది.
అందులో ఎలుకగూడు, గూట్లో ఎర్రటి ఊలు పోగులు.

"గోడలకు చెవులుంటాయంటారు,
దీనికి ముక్కు కూడా ఉండేది" అన్నాడు
వడ్రంగి ఆర్వెడ్ తాత.
"పక్కింటి క్యాబేజీ మాడితే మా అమ్మకి ముందు తెలిసేది."
అతనూ ఇలాంటి ఇంట్లోనే పుట్టాడట.

గోడ పోయింది.
వెలుతురు ఆ చివర నుంచి ఈ చివరకు
ఆగకుండా నడిచొచ్చింది.
వంట, భోజనాలు, సోఫా, అన్నీ ఒకే చోట,
పత్రికల్లో బొమ్మలా.
మేం దాన్ని చూసుకుని రెండు రోజులు మురిశాం.

మూడోరోజు మిర్టెల్ వచ్చింది.
పిరెట్ కూతురు, పద్నాలుగేళ్ళు,
వారం మాకు, వారం వాళ్ళ నాన్నకు.
గుమ్మంలో నిలబడి ఇటు నుంచి అటు చూసింది.
"బాగుంది. నేనెక్కడుండాలి?"
ఏటివైపు మూలలో మంచం, చుట్టూ నీలం కర్టెను చూపించాం.
"ఇది గది కాదు, గుడ్డ."
ఆ వారమంతా పెట్టె జిప్పు తీయలేదు.
గిన్నెలు కడిగే మిషను, ఉకూ కార్టూన్లు,
నా తుమ్ములు, మా ఇద్దరి నవ్వులు,
అన్నిటి మధ్యా హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది.

పాత పలకలు షెడ్డులోనే ఉన్నాయి,
సౌనా పొయ్యిలోకి దాచినవి.
మళ్ళీ వచ్చిన శనివారం ఒకటి భుజానికెత్తుకుంటుంటే
రెండో కొస తేలికైంది.
కోటు గుండీలు పెట్టుకోకుండానే వచ్చింది.
"ఎంతెత్తు?"
"కప్పు దాకా."
ఆ నెలలో మా మధ్య అదే పెద్ద సంభాషణ.

మట్టం తను పట్టుకుంది.
బుడగ నడిమికొస్తే గోడ వంకరగా కనబడుతుంది,
గోడ తిన్నగా కనబడితే బుడగ పక్కకు పోతుంది.
"దేన్ని నమ్మాలి?"
నాకు తెలియదన్నాను.
బుడగనే నమ్మాం. ఇప్పుడు ఇల్లంతా ఒరిగి,
ఆ గోడ ఒక్కటే నిటారుగా, కొంచెం పొగరుగా ఉంది.

ఈసారి కిటికీని కోయలేదు, రెండు రెక్కలూ తనకే.
లోపల గొర్రె ఊలు కుక్కాం. తలుపుకి లోపలివైపు గడియ.
పత్రిక ముక్కను మాత్రం అంటించి ఉంచింది,
మిగతా రెండెత్తులు తనే పెన్నుతో రాసింది.
తప్పంటాడు ఆర్వెడ్ తాత.

నేల చదును చేయించడానికి డబ్బు చాల్లేదు.
ఉకూ గోళీలు ఇప్పటికీ అటే దొర్లి
ఆమె తలుపు కింది సందులోంచి లోపలికి పోతాయి.
ఒక్కోసారి తిరిగొస్తాయి.
వాలు అటు కదా,
ఇటు రావాలంటే ఎవరో ఒకరు తోయాలి.