మిగులు

పుళియాంతోపు, మూడో వీధి, ఎనిమిదో కుళాయి.
వాన వెలిసి రెండో రోజు.
గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మాత్ర వేసి,
మూత బిగించి ఊపుతాను.
గులాబీ రంగు రావాలి.
రాకపోతే ఈ వీధిలో ఎవరో ఒకరికి
ఈ వారం కడుపు కదులుతుంది.

నేను వెతికేదాని పేరు హైపోక్లోరస్ ఆమ్లం.
దాన్ని ఒంటరిగా సీసాలో పట్టినవాళ్ళు లేరు.
నీళ్ళలోంచి విడదీద్దామంటే
సీసా మిగులుతుంది, అది మిగలదు.
చిక్కబరిస్తే విరిగిపోతుంది.
ఎండ తగిలితే విరిగిపోతుంది,
ఆక్సిజన్ గాలిలోకి, ఉప్పుద్రావకం నీళ్ళలోకి.

బలహీనమైన ఆమ్లమని పుస్తకం రాసింది.
నిజమే, నిమ్మకాయ పాటి పులుపు కూడా లేదు.
అయినా క్రిమి గోడ దాటి లోపలికి పోగలదు,
ఆవేశం లేనిది కాబట్టి.
నీళ్ళలో సున్నం గుణం పెరిగి
తన హైడ్రోజన్ పోగొట్టుకుందా,
ఆవేశం వస్తుంది,
ఇక వాకిట్లోనే నిలబడిపోతుంది.

మా అమ్మ అంకమ్మ ఈ వీధుల్లోనే
ఇనప తట్ట చంకన పెట్టుకుని
ఇరవై రెండేళ్ళు బ్లీచింగ్ పొడి చల్లింది.
గ్లౌజులు ఉండేవి,
స్టోరు గదిలో.
ఆమె చీర మడతల్లో పడుకుని చదువుకున్న నన్ను చూసి
బడిలో కయల్విళి ముక్కు మూసుకునేది.

ల్యాబుకొచ్చాక తెలిసింది,
అంత ఘాటు ఒక్క మందుదే కాదు.
ఊరి చెమటా ఊరి ఉచ్చా
దాన్ని తాకినప్పుడు పుట్టే వాసన అది.
ఊరిదే. అమ్మ ఇంటికి మోసుకొచ్చింది, అంతే.

ఆమె కాలిపుండు మానుతున్న రోజుల్లో చెప్పాను,
నీ నెత్తుట్లో తెల్లకణాలు ఇదే ఆమ్లం వండుతాయమ్మా,
పురుగును చంపడానికి, అప్పటికప్పుడు, కాస్తంత.
కట్టు సర్దుకుంటూ అంది:
"అయితే నాకాడే ఉండాది గదా,
కార్పొరేషనోళ్ళు తూకమేసి ఇచ్చేదెందుకు?"

ఫోన్లో సెల్వమణి సార్: ఎంత?
ఎంత పోశారో కాదు ఆయన అడిగేది.
దారి పొడుగునా పైపుల్లో
చంపాల్సినవన్నీ చంపి, అరిగి,
ఈ చివరి కుళాయి దాకా ఎంత మిగిలిందని.

గొట్టం పైకెత్తి చూస్తాను.
ఉందా లేదా అన్నంత గులాబీ.
"సున్నా పాయింట్ రెండు సార్"
అని, ఇంకోసారి చూద్దామని
గోడ నీడలోకి జరుగుతాను.